ఖాళీ కడుపున వేసుకోవాల్సిన బిళ్ళ

మొదటిరోజు సాయంత్రం చిసోమో ఆ నీలం బిళ్ళని అరచేతిలో పెట్టుకుని మేడ మీద నుంచి దిగి వచ్చి మంచినీళ్ళు అడిగితే, వరహాలమ్మ ఇవ్వలేదు.

అడగడమంటే నోటితో కాదు. ఆ పిల్లకి తెలుగు ముక్క రాదు. మలావీ దేశం నుంచి భీమిలి వచ్చి, ఆ మేడ మీది గదిలో అద్దెకి దిగి అప్పటికింకా వారం కాలేదు. బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని తాగుతున్నట్టు చూపించింది. వరహాలమ్మ బిళ్ళని చూసింది. పిల్ల మొహం చూసింది. పొద్దుటి నుంచి ఏమీ తినని మొహం అది, ఏ దేశపు మొహమైనా ఆ విషయంలో ఒకేలా ఉంటుంది.

"కాళీ కడుపుతో మందేటే గుంటా? పేగులు కాలిపోవూ?" అని పీట చూపించింది.

చిసోమో బిళ్ళల అట్ట తిప్పి వెనక రాసి ఉన్నది వేలితో చూపించింది. చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. వరహాలమ్మ బడికి వెళ్ళలేదు. పచారీ పొట్లాల కాగితాలు విప్పి, సాపు చేసి, తనంతట తానే తెలుగు చదవడం నేర్చుకుంది. తెలుగులో ఉంటే గోడ మీద ప్రకటన కూడా చివరి మాట దాకా చదివేది. ఇంగ్లీషు మాత్రం రాలేదు. అయినా అక్కర్లేదనుకుంది. ఏ మందు మీదైనా తిన్నాక వేసుకోమనే కదా రాస్తారు!

అట్ట మీద రాసి ఉన్నది అది కాదు. ఖాళీ కడుపున వేసుకోవాలని, వేసుకున్నాక కొన్ని గంటలపాటు ఒంటరిగా కూర్చుని చదువుకోవాలని రాసి ఉంది. ఆ సంగతి చిసోమోకి తెలుసు. కానీ వాళ్ళ ఊళ్ళో ముసలావిడ చేత్తో పెట్టింది వద్దనే పిల్ల ఉండదు. అందుకని పీట మీద కూర్చుంది.

వరహాలమ్మ రాగిపిండితో చోడి సంకటి వండింది ఆ పూట. ఎండు నెత్తళ్ళ చేపల ఇగురు. పళ్ళెం ముందు పెట్టగానే ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ముద్ద తీసి, బొటనవేలితో మధ్యలో గుంట చేసి, ఆ గుంటలోకి ఇగురు తోడుకుని నోట్లో పెట్టుకుంది. కాసేపు నమల్లేదు.

"న్సిమా," అంది. ఆ ఇంట్లో ఆ పిల్ల పలికిన మొదటి మాట అదే. వాళ్ళ ఊళ్ళో సంకటికి పేరు.

తర్వాత బిళ్ళ వేసుకుని పుస్తకం ఒళ్ళో తెరిచింది. రెండో ముద్దకి చెయ్యి పుస్తకానికి అంటుకుంటుందని వెనకాడుతుంటే, "నీ సదువు నువ్వు సదువుకో," అని వరహాలమ్మే ముద్ద చేసి నోటికి అందించింది.

అలా అలవాటైపోయింది. నాలుగేళ్ళు.

*

ఆ బిళ్ళ చేసిన మనుషుల్లో హైమవతి ఒకతె. వరహాలమ్మకి అన్న కూతురు. సాగరతీర విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల ఆమెది, అక్కడి క్వార్టర్సులోనే ఉంటుంది. అత్త ఇంటికి రావడమంటే పండక్కి, జ్వరానికి.

"అసలు ఏటే ఆ బిళ్ళ?" అని ఓసారి అడిగింది వరహాలమ్మ, బట్టలు మడతపెడుతూ.

హైమవతి ఆ మడతల్లోంచి ఒక దుప్పటి లాగి, అంచున నల్లటి మరక లాంటి చుక్కల్ని చూపించింది. "ఇదేంటి?"

"సాకలి గుర్తు."

"ఊరందరి బట్టలూ ఒకే మూటలో వేసి ఉతికినా, ఈ గుర్తు పట్టుకుని మన దుప్పటి మనకి ఏరి ఇచ్చేస్తాడు కదా. బిళ్ళ వేసుకున్నాక ఆ కాసేపట్లో మెదడులోకి ఏది వెళ్తే దానికి ఇలాంటి గుర్తు పడుతుంది. తర్వాత కావాలంటే గుర్తున్నవి మాత్రం ఏరి తీసేయొచ్చు."

"తీయడం ఎందుకే? నేర్సుకున్నది తీసేస్తారేటి ఎవరైనా?"

హైమవతి దుప్పటి అంచు వేళ్ళతో సాపు చేసింది. ఈ మందుని మొదట ఆమె బృందం తయారుచేసింది ప్రమాదాల్లో బయటపడి పీడకలల్తో బతుకుతున్నవాళ్ళ కోసం. విశ్వవిద్యాలయం దానికి వేరే పని కనిపెట్టింది. ఫీజులు కట్టగలిగినవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు. డిగ్రీలకి ఉద్యోగాలు రాక బ్యాంకులు చదువుకి అప్పివ్వడం మానేశాయి. విదేశీ పిల్లలకి ఫీజు ఇక్కడివాళ్ళకంటే ఎన్నో రెట్లు. అప్పుడు పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు: చదువునే అప్పుగా ఇద్దాం. గడువులోగా ఉద్యోగం వస్తే జీతంలోంచి తీర్చుకుంటాం. రాకపోతే చదువు తిరిగి ఇచ్చేసి, అప్పు లేకుండా ఇంటికి వెళ్ళొచ్చు.

"మన ప్రభు గుర్తున్నాడా అత్తా?" అంది హైమవతి చివరికి.

ప్రభు ఆమె తమ్ముడు. చదువు అప్పు తీర్చలేక ఒక మధ్యాహ్నం ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. వెళ్ళొస్తానని కూడా అనలేదు. ఇప్పటికీ తెలియదు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో.

"వాడి రోజుల్లో ఈ పద్ధతి ఉండుంటే, చదువు ఇచ్చేసి మనింట్లో ఉండేవాడు," అంది హైమవతి.

వరహాలమ్మ దుప్పటి మళ్ళీ మడతపెట్టింది. మేడ మీది పిల్ల ఆ బిళ్ళని తన వంటింట్లో వేసుకుంటోందని చెప్పాలని ఆమెకి తోచలేదు. బిళ్ళలు విశ్వవిద్యాలయం చదువుల హాల్లో, ఎవరి అరలో వాళ్ళు ఒంటరిగా కూర్చుని వేసుకుంటారని హైమవతి అనుకుంటోంది. హాల్లో కూర్చోడానికి విదేశీ పిల్లలకి వేరే రుసుం ఉందనీ, అది కట్టలేని వాళ్ళకి ఆఫీసువాళ్ళు అట్టలే చేతికిచ్చి ఇంటికి పంపేస్తున్నారనీ ఆమె దాకా రాలేదు.

*

చిసోమో చదివింది శీతల గిడ్డంగుల ఇంజనీరింగు. వాళ్ళ అమ్మ పెద్ద సరస్సు ఒడ్డున చేపల వ్యాపారం చేస్తుంది. ఒక పడవ ఉంది. వానాకాలం చేప ఎండక కుళ్ళిపోతుంది, పట్టినదాంట్లో సగం మళ్ళీ నీళ్ళలోకే పారబోస్తారు. ఎండతో నడిచే చల్లగది ఒకటి కట్టాలని ఆ పిల్ల కోరిక. బొమ్మలు గీసి వంటింటి గోడకి అంటించేది. వరహాలమ్మకి ఆ బొమ్మల్లో కంప్రెసరు ఏదో కూడా తెలిసిపోయింది. "ఇక్కడ ఏడి పుడతాది, ఇక్కడ సలవ పుడతాది. అంతేనా సోమీ?" అనేది ముద్ద కలుపుతూ. చిసోమోని సోమి చేసేసింది ఆవిడ.

ఆ పిల్ల తెలుగు నేర్చుకున్నదీ ఆ వంటింట్లోనే, అందుకే అది పూర్తిగా వరహాలమ్మ తెలుగు. ఉద్యోగానికి ఒక చేపల ఎగుమతి కంపెనీకి వెళ్ళినప్పుడు అది తెలిసింది.

ఒంటరిగా పంపడం ఇష్టం లేక వరహాలమ్మ కూడా వెళ్ళింది. వరండా నిండా పిల్లలు. అందరి మెడల్లోనూ గడువు తేదీ ఉన్న కార్డులు. పక్కన కూర్చున్న కుర్రాడొకడు చిసోమో కార్డు తొంగి చూసి, "మీదీ ఈ నెలాఖరేనా? నాదీ అంతే. తీసేసుకోనీ అక్కా. నాకు థర్మోడైనమిక్స్ వచ్చిందెప్పుడు, పోయేదెప్పుడు? వాళ్ళు వెతుక్కుని వెతుక్కుని అలిసిపోవాలి," అన్నాడు. వరండా అంతా నవ్వింది. నవ్వు ఆగాక ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు.

మేనేజరు మంచివాడే. చిసోమో గీసిన బొమ్మలన్నీ చూశాడు. రెండు ప్రశ్నలు వేశాడు. జవాబులు విని కుర్చీలో ముందుకి జరిగాడు.

"నువ్వు నిజంగా చదువుకున్నావమ్మా," అన్నాడు.

"మరి ఉజ్జోగం ఇవ్వరేటి సర్?" అంది చిసోమో.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "ఈ యాస ఎక్కడ పట్టావు?"

"మా అమ్మమ్మ దగ్గర. బయట కూకుంది."

ఆయన తలుపు సందులోంచి వరహాలమ్మని చూశాడు. బొమ్మల్ని జాగ్రత్తగా దొంతి పేర్చి వెనక్కిచ్చాడు. "విదేశీ వాళ్ళని తీసుకుంటే మేం ప్రభుత్వానికి రుసుం కట్టాలమ్మా. ఆ రుసుం పెడితే బయట వరండాలో ఉన్నవాళ్ళు ముగ్గురు వస్తారు. గడువు దగ్గరపడ్డవాళ్ళు కదా, జీతం ఎంతని కూడా అడగరు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిసోమో కిటికీ వైపు మొహం పెట్టుకుంది.

"పోనీలే సోమీ. ఇంకోటి సూద్దాం," అంది వరహాలమ్మ.

"ఇంకోటి లేదు అమ్మమ్మా. ఇదే ఆకరు."

"మరైతే?"

"ఇచ్చేస్తా. మా అమ్మ పడవ పూచీ పెట్టింది కదా. నాను సదువు ఇవ్వకపోతే పడవ పట్టుకుపోతారు." బొమ్మల దొంతి ఒళ్ళో సర్దుకుని అంది, "సదువే కదా. పుస్తకాలు దొరుకుతాయి. మల్లీ సదువుకుంటా."

అప్పటికి వాళ్ళిద్దరూ పోయేది చదువే అనుకున్నారు.

*

చదువు తీసే ముందు ఒక పరీక్ష చేస్తారు. గుర్తు పడ్డవి ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసుకోవడానికి. చిసోమోని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, తలకి గొట్టాల టోపీ పెట్టారు. హైమవతి ఒకదాని తర్వాత ఒకటి బొమ్మలు చూపిస్తోంది. కంప్రెసరు. కవాటం. చల్లగది గోడల మందం. ప్రతి బొమ్మకీ తెర మీద చిన్న చిన్న ఆకుపచ్చ చుక్కలు వెలుగుతున్నాయి, ఆగుతున్నాయి.

వరహాలమ్మ గాజు గోడకి ఇవతల బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో డబ్బా. పరీక్షంటే ఎంతసేపో ఏమో, పిల్ల పొద్దున్న కూడా సరిగ్గా తినలేదు. విరామమని ఎవరో తలుపు తీయగానే లోపలికి వెళ్ళి డబ్బా మూత తీసింది.

"తిన్నావేటే గుంటా?"

తెర మొత్తం ఆకుపచ్చగా అయిపోయింది.

యంత్రం పాడైందనుకుని హైమవతి లేచి వచ్చింది. మీట నొక్కి చూసింది. బొమ్మలు చూపించింది. మళ్ళీ చిన్న చుక్కలు. "అత్తా, ఇంకోసారి మాట్లాడు," అంది.

"ఏటి మాటాడేది?"

ఆ రెండు మాటలకే తెర మళ్ళీ నిండిపోయింది. అంచుల దాకా.

హైమవతి డబ్బాలోని సంకటి వైపు చూసింది. అత్త చేతి వైపు చూసింది. అప్పుడు అడగాల్సినవన్నీ ఒకటొకటిగా అడిగింది. బిళ్ళ ఎక్కడ వేసుకునేది? ఏ వేళప్పుడు? ఎవరున్నారు అప్పుడు? వరహాలమ్మ తాను చేసింది మంచిపనే అన్న ధైర్యంతో అన్నీ చెప్పింది. నాలుగేళ్ళలో ఒక్కపూట కూడా ఖాళీ కడుపుతో వేసుకోనివ్వలేదంది.

హైమవతి తెర వైపు చెయ్యి చూపించింది.

"తిండితో వేసుకుంటే అది నెమ్మదిగా కరుగుతుంది అత్తా. ఇంకా గాఢంగా పడుతుంది గుర్తు. పుస్తకానికంటే నీకే ఎక్కువ పడింది."

"నాకా?"

"నీ మాటకి. నీ చేతికి. ఆ వాసనకి. అది నేర్చుకున్న తెలుగుకి. బిళ్ళ వేళ కాని వేళ మీరిద్దరూ కలిసి ఉన్నది తక్కువ. ఉన్నా, దాని మనసులో నువ్వంటే ఆ వంటిల్లే. ఆ దారం లాగితే మిగతావీ వెంట వచ్చేస్తాయి."

టోపీ కింద నుంచి చిసోమో ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. "అంటే సదువుతో పాటు అమ్మమ్మ కూడా పోతాదా?" అంది.

తెర మీద ఆకుపచ్చ అలా వెలుగుతూనే ఉంది.

*

ఆ సాయంత్రం ముగ్గురూ వరహాలమ్మ వంటింట్లో కూర్చున్నారు. ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

"నా బాగం వదిలేసి మిగతాది తియ్యలేవా?" అంది వరహాలమ్మ. "ఏరి తీస్తారన్నావు కదే."

"ఏ గుర్తు ఎవరిదో యంత్రానికి తెలీదు. కంప్రెసరూ నీ ముద్దా ఒకే నేతలో పడ్డాయి. ఒకటి తీస్తే రెండూ చిరుగుతాయి. పోనీ నేనే కావాలని వదిలేశాననుకో, తర్వాత వేరేవాళ్ళు తనిఖీ చేస్తారు. గుర్తు మిగిలి ఉంటే చదువు ఇవ్వనట్టే లెక్క. పడవ పోతుంది."

"ఇలా అవుతాదని మీ పెద్దలకి సెప్పు. మనుసులు పోతారని సెప్పు."

"చెప్పాను. ఒంటరిగా ఉండమని అట్ట మీద రాశాం కదా అన్నారు."

"అయితే ఆ కొలువు మానెయ్యి. సిగ్గు లేదేటి నీకు?"

హైమవతి తల దించుకుంది. "నా చదువుకీ గుర్తుంది అత్తా. ఈ బిళ్ళ ఇంకా ప్రయోగంలో ఉన్నప్పుడు మొదట వేసి చూసింది నా మీదే. నేను మానేస్తే నాదీ తీసుకుంటారు. అప్పుడు నేను చదువుకుంటుంటే ప్రభు నా పక్కనే కూర్చుని ఉండేవాడు."

వరహాలమ్మ మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది.

చిసోమో గోడ మీది బొమ్మలు ఒకటొకటే ఊడదీసి దొంతి పెడుతోంది. ఉన్నట్టుండి వచ్చి వరహాలమ్మ మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

"నువ్వు సెప్పు అమ్మమ్మా. వద్దను. మానేస్తా. పడవ పోతే పోతాది. మా అమ్మ ఇంకో పడవ మీద కూలికెల్తాది. నువ్వు ఒక్క మాట వద్దను."

ఆ ఒక్క మాటా వరహాలమ్మ నోటి దాకా వచ్చింది. ఆమె బతుకులో వెళ్ళిపోయిన వాళ్ళెవరూ అడిగి వెళ్ళలేదు. సముద్రం మీద వేటకెళ్ళిన మొగుడు అడగలేదు. ప్రభు అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఎన్నో ఏళ్ళుగా మనసులో సిద్ధం చేసుకుని ఉంది. వద్దు, వెళ్ళకు. తీరా అడిగిన పిల్ల ఎదురుగా కూర్చుంటే, ఎక్కడో ఒక ఒడ్డున తనలాగే ఎదురుచూస్తున్న ఇంకో ఆడమనిషి కనిపించింది. ఆమెని ఎప్పుడూ చూడలేదు. అయినా పడవ పక్కన నిలబడి ఉన్నట్టే కనిపించింది.

"ఎల్లు," అంది.

"అమ్మమ్మా!"

"ఎల్లవే. మీ అమ్మని కూలికి పంపి నా కాడ కూకుంటావా? ఎల్లు."

*

గడువుకి ఇంకా కొన్ని రోజులున్నాయి. హైమవతికి ఒక ఆలోచన వచ్చింది. బిళ్ళ లేకుండా, పాత దారం ఎక్కడా తగలకుండా, చిసోమో ఈ ముసలావిణ్ణి కొత్తగా కలుసుకోవాలి. వంటిల్లు ఉండకూడదు. తిండి ఉండకూడదు. తెలుగు ఉండకూడదు. సోమీ అనకూడదు. అలా పడ్డ జ్ఞాపకాన్ని యంత్రం తీసుకుపోదు.

"ఇంకేటి మిగిలిందే మరి?" అంది వరహాలమ్మ.

సముద్రం మిగిలింది. ఇంటి నుంచి వినిపించేంత దగ్గర. మొగుడి పడవ తిరిగి రాని నాటి నుంచి ఆవిడ ఆ ఒడ్డుకి దిగలేదు. కిటికీ కూడా అటువైపుది మూసే ఉంచేది.

మర్నాడు తలంటుకుంది, వంటింటి వాసన పోవడానికి. పెట్టె అడుగున ఉన్న చీర తీసి కట్టుకుంది. ఎవరి పెళ్ళికో వెళ్తున్నట్టు మెట్లు దిగి, ఇసకలోకి వచ్చి, చిసోమోకి కొంచెం దూరంగా కూర్చుంది. అలల వైపు చూడకుండా పిల్ల పాదాల వైపు చూసింది.

చిసోమో నీళ్ళు చూపించి, "న్యాంజా," అంది. వాళ్ళ భాషలో సరస్సు.

"న్యాంజా," అంది వరహాలమ్మ.

వరహాలమ్మని చూపించి, "అగోగో." అవ్వ.

"అగోగో."

పలకడం తప్పితే ఆ పిల్ల నవ్వేది. పొట్లాల కాగితాల మీద తెలుగు నేర్చుకున్న మనిషి ముసలితనంలో మళ్ళీ మొదటి తరగతిలో కూర్చుంది. రోజూ కొన్ని మాటలు. పడవ. చేప. గాలి. తిన్నావా అని ఎలా అడుగుతారో తెలుసుకోవాలని ఆవిడకి ప్రాణం కొట్టుకునేది. కానీ తిండి మాట ఎత్తకూడదు కదా. అడగలేదు.

విడిపోయేటప్పుడు ఏమనాలో కూడా సైగలతో చెప్పింది చిసోమో. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళతో 'త్సలాని బ్వినో' అంటారు. బాగా ఉండండని. ఉండేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో 'పితాని బ్వినో' అంటారు. బాగా వెళ్ళండని.

ఇందులో మళ్ళీ వస్తానని ఎక్కడా లేదేమిటని వరహాలమ్మకి అడగాలనిపించింది. అడగడానికి తెలుగు తప్ప వేరే భాష లేదు. ఊరుకుంది.

ఆఖరి రోజు ఒడ్డున చిసోమో లేచి ఇసక దులుపుకుంది. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరక్కుండానే తెలుగులో అంది, "ఎల్లొస్తా అమ్మమ్మా."

అనకూడదని ఇద్దరికీ తెలుసు. వరహాలమ్మ పలకలేదు. పలికితే దారం తగులుతుంది.

*

చదువు ఇచ్చేసిన విదేశీ పిల్లల్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళే వ్యాను విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఆగి ఉంది. ఎవర్ని సాగనంపడానికీ వీధి గుమ్మం దాటి రాని వరహాలమ్మ ఆ రోజు గేటు దాకా వెళ్ళింది. హైమవతి పక్కన నిలబడింది.

పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. కొత్తగా ఊళ్ళోకి దిగినవాళ్ళలా అటూ ఇటూ చూస్తున్నారు. చిసోమో వచ్చింది. జుట్టు అక్కడక్కడ కత్తిరించి ఉంది, టోపీ గొట్టాల కోసం. గేటు మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్ని బొమ్మల్ని చూసినట్టు చూసి, దిగువన చిన్న ఇంగ్లీషు దగ్గర ఆగింది.

తర్వాత వరహాలమ్మని చూసింది.

ఆ పిల్ల మొహం విచ్చుకుంది. "అగోగో!" అని దగ్గరికి వచ్చింది.

వచ్చింది, కానీ ఒళ్ళోకి రాలేదు. రెండు చేతులూ జోడించి, మోకాళ్ళు కొంచెం వంచి, పెద్దవాళ్ళకి పెట్టే మర్యాద నమస్కారం పెట్టింది. హైమవతి వైపు తిరిగి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది.

"సముద్రం దగ్గర మా భాష నేర్చుకున్న పెద్దావిడ ఈవిడే అంటోంది అత్తా. ఈ ఊళ్ళో తనకి బాగా గుర్తున్నది మీరేనట. మిగతాదంతా పొగమంచులా ఉందట."

"అలాగా," అంది వరహాలమ్మ.

"మా భాష ఎందుకు నేర్చుకున్నారు, మా దేశంలో మీకెవరైనా ఉన్నారా అని అడుగుతోంది."

వరహాలమ్మ కొంగులో చెయ్యి దాచుకుంది. లేకపోతే అది ఆ పిల్ల మొహం మీదికి వెళ్ళేలా ఉంది.

"ఉందని సెప్పు. మనవరాలు ఉందని సెప్పు."

హైమవతి ఇంగ్లీషులో చెప్పింది. చిసోమో కళ్ళు మెరిశాయి. మళ్ళీ ఏదో అడిగింది.

"పేరేంటి, ఏ ఊరని అడుగుతోంది. వెళ్ళి మీరు అడిగారని చెప్తుందట."

వ్యాను హారను మోగింది. వరహాలమ్మ ఆలోచించింది. పేరు చెప్పకూడదు.

"ఊరు తెలీదని సెప్పు. కనపడితే మాత్రం... యేళకి తింటోందో లేదో కనుక్కోమను."

ఆ మాట విని చిసోమో నవ్వింది. అవ్వలందరూ అంతే అన్నట్టు తలూపింది. వ్యాను మెట్టు ఎక్కి, అక్కడి నుంచి చెయ్యెత్తి వాళ్ళ భాషలో అంది, "త్సలాని బ్వినో, అగోగో."

బాగా ఉండండి.

"పితాని బ్వినో," అంది వరహాలమ్మ. తప్పు లేకుండా పలికింది.

వ్యాను మలుపు తిరిగాక హైమవతి ఆమె చెయ్యి పట్టుకుంది. వరహాలమ్మ నెమ్మదిగా ఆ చెయ్యి విడిపించుకుంది. కోపంతో కాదు. హైమవతి చదువులోనూ ఆ గుర్తు ఉంది కదా, తన చెయ్యి దానికి తగలకూడదని.

*

కొత్త విద్యా సంవత్సరంలో మేడ మీది గదికి సోంపేట పిల్ల వచ్చింది. పేరు ఝాన్సీ. హాలు రుసుం ఇప్పుడు ఇక్కడి పిల్లలకీ పెట్టారట. మొదటిరోజు సాయంత్రం పుస్తకాలు చంకలో పెట్టుకుని దిగి వచ్చింది. వంటింటి గోడ మీద చతురస్రాలుగా తెల్లబడిన చోట్లు చూసి, ఇక్కడేవో పటాలుండేవా అని అడిగింది.

వరహాలమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. ఆ పిల్ల అరచేతిలో నీలం బిళ్ళ కనిపించింది.

"అమ్మమ్మా, మా ఇంట్లో కాళీ కడుపుతో మందేసుకోనివ్వరు. మా నాయనమ్మ తిడతాది," అంది ఝాన్సీ. పొయ్యి మీద గిన్నె వైపు చూస్తోంది. బస్సులో వచ్చిన మొహం, పొద్దుటి నుంచి ఏమీ తినని మొహం. "ఏదైనా ఉంటే కొంచెం పెడతారేటి?"

"ఇది కాళీ కడుపుతోనే వేసుకోవాలమ్మా," అంది వరహాలమ్మ. తన గొంతు తనకే వేరెవరిదో అనిపించింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి గుమ్మం బయట గట్టు మీద పెట్టింది, చేతికి ఇవ్వకుండా. "మీదికి ఎల్లి, తలుపేసుకుని ఒక్కదానివే సదువుకో. సదువయ్యాక, బిళ్ళ దిగిపోయాక, అప్పుడు రా. ఎంత పొద్దుపోయినా ఉంచుతాను."

"అంతసేపా?" అంది ఝాన్సీ. గట్టు మీది గ్లాసు తీసుకుని మెట్లెక్కింది.

వరహాలమ్మ వంటింటి తలుపు మూసి గడియ పెట్టింది. మేడ మీద కుర్చీ జరిగిన చప్పుడు, పుస్తకం తెరిచిన చప్పుడు వినబడ్డాయి. ఆమె పీట మీద కూర్చుంది. అప్పుడు చూసుకుంది, తన చేతిలో ముద్ద ఎప్పుడో తయారై ఉంది, మధ్యలో బొటనవేలి గుంటతో.